ఏడో నంబరు పులుసు

మా ఆయన మాల్యాద్రి ముప్పయ్యొక్కేళ్ల కాపురంలో నా వంటని ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. వంక పెట్టనూ లేదు. కంచంలో ఏది వేస్తే అది తిని, చెయ్యి కడుక్కుని, డ్యూటీకి వెళ్లిపోయేవాడు. మారు అడిగి వేయించుకుంటున్నాడుగా, అదే మెప్పు అనుకుని సరిపెట్టుకున్నాను. బయట నాకు మెప్పుకి కొదవ లేదు. ఒంగోలు లాయరుపేటలో నా కర్రీ పాయింటు ముందు పదకొండున్నరకల్లా జనం నిలబడతారు. 'రాజ్యం గారి చేతి ఉప్పు' అని ఊళ్లో పేరు. నేను చెంచాతో కొలవను. గుప్పిట్లోకి తీసుకుని గిన్నెలో జార్చి, అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకి చూస్తాను. అంతే.

ఆయన ఇరవై రెండేళ్లు హైదరాబాదు నైటు సర్వీసు బస్సు నడిపాడు. దారిలో రెండు చోట్ల టీ, ఒక చోట మిరపకాయ బజ్జీలు. పగలు రేకుల గదిలో చెమట్లు కక్కుకుంటూ నాలుగు గంటలు పడుకునేవాడు. పొట్ట స్టీరింగుకి తగలడం మొదలెట్టినా ఎవరమూ పట్టించుకోలేదు. ఒక ఏడాది డిపోలో అందరికీ పరీక్షలు చేస్తే ఈయన బి.పి. నూటతొంభై మీద నూటపన్నెండు వచ్చింది. బస్సు దింపేసి, గేటు దగ్గర కూర్చోబెట్టి, వచ్చే పోయే బళ్ల టైములు రాయమన్నారు.

"స్టీరింగు లేని డ్రైవరు ఎందుకు రాజ్యం? గేటుకి తాళం వేసే మనిషైతే చాలదా?" అన్నాడు ఆ రోజు.

తరవాత కార్తీకమాసంలో ఒక పొద్దున కాఫీ తాగుతుంటే, కాఫీ ఆయన పెదవి చివర్నుంచి కారి చొక్కా మీద పడింది. "ఏమయ్యా, చూసుకో" అన్నాను. ఏదో చెప్పబోయాడు. మాట ముద్దగా వచ్చింది. మూతి ఓ పక్కకి జారిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి అదంతా దానంతటదే సర్దుకుంది. డాక్టరు మాత్రం నవ్వలేదు.

"ఇది హెచ్చరిక. రెండోసారి ఇలా సర్దుకోదు. మాత్రలు ఇస్తాను గానీ వాటితోనే సరిపోదు. ఉప్పు రోజు మొత్తానికి చిన్న చెంచాడు దాటకూడదు. పచ్చళ్లు, అప్పడాలు, ఎండుచేపలు బంద్. కూరలు, పళ్లు ఎక్కువ తినాలి. రోజూ నడవాలి. రాత్రిళ్లు నిద్రపోవాలి" అన్నాడు.

ఉప్పు లేకుండా వండటం నాకు రాదు. వచ్చినట్టు వండి పెట్టాను. రెండు ముద్దలు తిని కంచం తోసేసేవాడు. నెల తిరక్కుండానే స్కూటరు సీటు కింద నూనె కాగితాలు, నిమ్మకాయ పచ్చడి ప్యాకెట్లు దొరికాయి. ఏడుస్తూ వాటిని డాక్టరు బల్ల మీద పెట్టాను. అప్పుడు డాక్టరు బైపాసు రోడ్డులో కొత్తగా పెట్టిన పరిశోధన కేంద్రం సంగతి చెప్పాడు. అక్కడ ఉప్పు రుచి మీద ఏదో ప్రయోగం చేస్తున్నారట, మనుషులు కావాలట.

అక్కడ డాక్టర్ షమీమ్ అనే ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టింది. నలభై ఏళ్లుంటాయి, సన్నగా, గబగబా మాట్లాడుతుంది. పళ్ల సెట్టు కన్నా పలచని రేకు ఒకటి మా ఆయన అంగిట్లో అంటించింది. దానికి వెంట్రుకల్లాంటి తీగలు, అవి నాలుక అంచుల్ని తాకుతాయి. చొక్కా జేబులో అగ్గిపెట్టంత డబ్బీ పెట్టి మీట నొక్కింది.

మా ఆయన మొహం చిట్లించాడు. "చిన్నప్పుడు టార్చిలైటు బ్యాటరీ నాకితే ఇలాగే ఉండేది మేడమ్."

"అందరూ అదే అంటారు. వట్టి కరెంటుకి ఉప్పు తెలుసు గానీ వంట తెలీదు. అందుకని మనిషి దగ్గర నేర్చుకున్నాం. అటు చూడండి" అందావిడ.

అద్దం అవతల చిన్న గదిలో ఒకామె భోజనానికి కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. ఎండకి కమిలిన చేతులు, మెళ్లో సన్నటి నల్లతాడుకి చిన్న సిలువ. నోట్లోంచి తీగలు వచ్చి యంత్రంలోకి వెళ్తున్నాయి. ఆమె ముద్ద నములుతుంటే యంత్రం తెర మీద గీతలు లేస్తున్నాయి.

"ఆమె పేరు ఎస్తేరు. ఆమె తింటున్నప్పుడు నాలుక మెదడుకి పంపే కబురంతా ఇక్కడ రాసుకుంటాం. అదే కబురు మీ నాలుకకి చెప్తాం. అప్పుడు కంచంలో ఉప్పు లేకపోయినా ఉందనే అనుకుంటారు" అని డాక్టర్ షమీమ్ ఒక గిన్నె ముందుకి జరిపింది. ఉప్పు వెయ్యని చేపల పులుసూ అన్నమూ. డబ్బీ మీద ఏడో నంబరు పెట్టింది.

మా ఆయన ఒక ముద్ద తిన్నాడు. నమలడం ఆపాడు. కళ్లు మూసుకుని ఇంకో ముద్ద తిన్నాడు. ఆ తరవాత తల ఎత్తలేదు. గిన్నె అడుగున మిగిలిన పులుసు కూడా వేలితో తీసి నాకాడు. "ఆహా" అన్నాడు.

ముప్పయ్యొక్కేళ్లలో ఆయన నోటి వెంట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

"ఎవరు వండారు మేడమ్?"

"వండింది మా క్యాంటీనే. మీరు తిన్నది మాత్రం ఎస్తేరు చేతి వంట. తన పద్ధతిలో వండుకొచ్చి తను తింటేనే కబురు బాగా వస్తోంది. అలా నలభై వంటలు రాసి పెట్టాం."

మా ఆయన లేచి అద్దం దగ్గరికి వెళ్లి ఎస్తేరుకి దండం పెట్టాడు. ఆమె సిగ్గుపడి, ఎంగిలి చేత్తోనే తిరిగి దండం పెట్టింది. నేను ఖాళీ గిన్నె దూరంగా జరిపాను.

ఇంటికొచ్చాక మా కాపురంలోకి నంబర్లు వచ్చాయి. నేను ఆయన గిన్నె వేరే పెట్టి ఉప్పు లేకుండా వండుతాను, ఆయన డబ్బీలో నంబరు నొక్కుకుంటాడు. గోంగూర పప్పు పదకొండు. వంకాయ కారం ఇరవై మూడు. చేపల పులుసు ఏడు. వంట పేరు చెప్పడం మానేసి "ఇవాళ ఏడు చెయ్యి" అనేవాడు. ఒకరోజు "పదకొండులో వెల్లుల్లి దంచి వేస్తుందో తరిగి వేస్తుందో కనుక్కోవే, వాసన భలేగా ఉంది" అన్నాడు. దంచి వేశాను నేనే, పొద్దున అయిదింటికి లేచి.

ఒంట్లో మాత్రం తేడా కనబడింది. కంచం ఖాళీ అవుతోంది, బజ్జీల వైపు పోవడం లేదు. గేటు డ్యూటీ పగటిది కాబట్టి రాత్రి తొమ్మిదిన్నరకే పడుకుంటున్నాడు. ఓపిక వచ్చి పొద్దున్నే మైదానం చుట్టూ నాలుగు చుట్లు నడుస్తున్నాడు. బి.పి. నూటఅరవైకి, తరవాత నూటనలభై ఎనిమిదికి, మూడో నెలలో నూటముప్పై ఆరుకి దిగింది. ఇలాగే ఉంటే మళ్లీ స్టీరింగు ఇస్తామని డిపోలో అన్నారు.

సంతోషపడ్డాను. పడలేదంటే అబద్ధం. కానీ నాకు నిద్ర పట్టేది కాదు. ఆయన కళ్లు మూసుకుని ముద్ద నములుతుంటే ఎదురుగా కూర్చుని చూసేదాన్ని. కూర తరిగింది నేను, చేప కడిగింది నేను, పొయ్యి సెగ నాది. మూసిన ఆ కళ్ల వెనక మాత్రం నేను లేను.

ఓ ఆదివారం ఆయన స్నేహితుడు, ఇంకో డ్రైవరు భోజనానికి వచ్చాడు. అతనికి నా మామూలు వంట పెట్టాను. "అన్నా, నువ్వు అదృష్టవంతుడివి, రోజూ వదిన చేతి వంట" అన్నాడతను. మా ఆయన జేబులో డబ్బీ తట్టి చూపించి, "తిండంటే ఏంటో ఇన్నేళ్లకి తెలిసింది రా" అన్నాడు.

నా చేతిలో గరిటె ఉంది. వడ్డించి లోపలికి వెళ్లిపోయాను.

మర్నాడు ఆయన గిన్నెలో పులుసు ఉడుకుతుంటే ఉప్పు డబ్బా మూత తీశాను. ఆయన్ని ఏమైనా చెయ్యాలని కాదు. ఆ తిండిలో నాది కూడా ఏదో ఉండాలని. కొంచెమే వేశాను. నోట్లో రేకు ఉంది కదా, ఆయనకి తెలియలేదు. ఎప్పట్లాగే ఏడో నంబరు నొక్కి ఎప్పట్లాగే కళ్లు మూసుకున్నాడు. నాకు చెప్పలేనంత తృప్తిగా అనిపించింది. నోట్లో ఆమె ఉంటే ఉండనీ, కడుపులో నేనున్నాను అనుకున్నాను. రెండో రోజు ఇంకాస్త వేశాను. వారం తిరిగేసరికి నా గుప్పిలి నిండింది. అలా పంతొమ్మిది రోజులు.

కేంద్రంలో చూస్తే నూటయాభై అయిదు. మళ్లీ వారం నూటడెబ్భై. డాక్టర్ షమీమ్ కాగితాలు తిరగేసి తిరగేసి చూసింది.

"రాజ్యమ్మ గారూ, ఇంట్లో ఉప్పు పడటం లేదు కదా?"

"లేదమ్మా."

"పొరపాటున అయినా?"

నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నాడు. "మా ఆవిడ నా గిన్నె, నా గరిటె కూడా వేరే పెట్టింది మేడమ్. అనుమానమంటూ ఉంటే నా మీద పెట్టుకోండి. ఆమె మీద వద్దు."

నేను నేలకేసి చూస్తూ కూర్చున్నాను.

డాక్టర్ షమీమ్ ఆలోచించి తనకి తోచింది తను చెప్పింది. "బహుశా రాసిన కబురు బలం చాలడం లేదు. మీకు తెలియకుండానే మీ ఒళ్లు బయట ఉప్పు వెతుక్కుంటోందేమో. కొంచెం ఉప్పు పెంచి నలభై వంటలూ మళ్లీ రాద్దాం. ఎస్తేరూ, పది రోజుల్లో అవుతుందా?"

తలుపు దగ్గర నిలబడ్డ ఎస్తేరు "అవుతుంది మేడమ్" అంది.

అప్పుడు ఆమెని దగ్గర్నుంచి చూశాను. కళ్ల కింద ఉబ్బు. చెప్పుల పట్టీ పాదంలోకి దిగిపోయి ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మెడ వెనక బొటనవేలితో నొక్కుకుంటోంది. మా ఆయన ఏడాది పాటు అలాగే నొక్కుకున్నాడు. నాకు ఆ నొక్కుడు బాగా తెలుసు. చూశాను, చెప్పలేదు. ఉప్పు వేసినదాని కన్నా ఇదే నన్ను ఎక్కువ తింటుంది.

ఎనిమిదో రోజు కేంద్రం నుంచి ఫోను వచ్చింది, ఈ వారం రావద్దని. ఎస్తేరు రికార్డింగు గదిలోనే పడిపోయిందట. ముక్కు వెంట రక్తం. పెద్దాసుపత్రికి తీసుకెళ్లి చూస్తే రెండువందల పది మీద నూటఇరవై. మా ఆయన ఫోను పెట్టేశాడు.

"నా కోసమే తిందే ఆ పిల్ల" అన్నాడు. "నా బి.పి. పెరిగిందనే గదా మళ్లీ తినమన్నారు?"

మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి పెట్టలేదు. నేను ఎదురుగా కూర్చుని, "ఉప్పు వేసింది నేనేనయ్యా" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. ఎప్పటి నుంచి వేస్తున్నానో, ఎందుకు వేశానో అంతా చెప్పాను. ఆయన నోట్లోంచి రేకు తీసి కంచం పక్కన పెట్టాడు. వట్టి నాలుకతో ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగలేక ఉమ్మేశాడు.

"ఇంతా? సముద్రంలా ఉంది గదే!"

నేనూ వేలితో తీసి నాకాను. నాకేమీ తేడా తెలియలేదు. కోపంలో అంటున్నాడనుకున్నాను.

ఆయన కంచం పక్కకి జరిపాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు. "నన్ను చంపుదామని వెయ్యలేదని తెలుసు. నీకు పుట్టెడు బాధ ఉంటే అడగొచ్చుగా, తిట్టొచ్చుగా. ఆ డాక్టరమ్మ ముందు నీ తరఫున ఒట్టేసినంత పని చేశాను రాజ్యం. నువ్వు పక్కనే కూర్చుని విన్నావు."

తిట్టి ఉంటే బావుండేది. ఆ రోజు నుంచి నెల దాకా తన అన్నం తనే వండుకున్నాడు. నాతో కావలసినంతే మాట్లాడేవాడు.

ఆ సాయంత్రమే నేను డాక్టర్ షమీమ్ దగ్గరికి వెళ్లి అదే మాట చెప్పాను. గదిలోంచి గెంటేస్తుందనుకున్నాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీరు చేసింది చిన్న తప్పు కాదు. కానీ మిమ్మల్ని ఒక్కర్నే అని తప్పించుకోలేను. ఇక్కడికొచ్చే రోగులందరికీ వారం వారం బి.పి. చూశాం. ఎస్తేరు నెలల తరబడి మా కళ్ల ముందే కంచాల కంచాలు ఉప్పు తిన్నది. ఆమె చేతికి ఒక్కసారి కూడా బి.పి. పట్టీ కట్టలేదు. ఆమె మాకు మనిషిలా కనబడలేదు రాజ్యమ్మ గారూ, నాలుకలా కనబడింది."

మర్నాడు పొద్దున గంజి కాచి, పక్కన సొరకాయ కూర చేసుకుని పెద్దాసుపత్రికి వెళ్లాను. చప్పిడి తిండి పెట్టాలన్నారు. మరీ నోటికి సయించదని చిటికెడంటే చిటికెడు ఉప్పు వేశాను. ఎస్తేరు మంచం మీద కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. నన్ను చూసి లేవబోయింది.

"కూర్చోమ్మా. నేను చెప్పేది వింటే కూర్చోబెట్టుకుంటావో లేదో" అని, నిలబడే మొత్తం చెప్పేశాను.

ఆమె దుప్పటి అంచు మడతలు పెట్టసాగింది.

"అన్న బి.పి. పెరిగిందని మేడమ్ అన్నప్పుడు, నా నాలుకే చెడిపోయిందేమోనని భయపడ్డానక్కా" అంది చివరికి. "తలనొప్పి అని చెప్తే వేరే వాళ్లని పెట్టుకుంటారు గదా. మాది చినగంజాం. పదేళ్లప్పట్నుంచి ఉప్పు మడుల్లో తట్టలు మోశాను. కాళ్లు పగిలి ఆ పగుళ్లలో ఉప్పు దిగేది. నీడపట్టున కూర్చుని అన్నం తినడమే ఉద్యోగమంటే మా అమ్మ నమ్మలేదు. నేనే ఒక్కోసారి నమ్మేదాన్ని కాదు."

"నా మీద కోపం రావడం లేదా?"

"వస్తోంది" అంది. "నీకు మీ ఆయన మీద కుళ్లు వచ్చినా అర్థముంది. నా మీద ఎందుకక్కా? ఆయన మొహం కూడా నాకు సరిగా గుర్తులేదు."

గిన్నె మూత తీసి, చెంచా వేసి ఇచ్చాను. ఒక చెంచా తాగి ఆగింది.

"అక్కా, ఉప్పు ఎక్కువైంది."

"చిటికెడే వేశానమ్మా."

"మళ్లీ చూడు."

చూశాను. చప్పగా ఉంది. ఆమె నా మొహంలోకే చూస్తోంది. "నీకు తెలియడం లేదక్కా" అని, మందులిస్తున్న నర్సుని పిలిచి, "ఈమెకి కూడా ఒకసారి చూడు సిస్టర్" అంది.

నూటడెబ్భై రెండు మీద నూటనాలుగు.

"తలనొప్పి రాదా అమ్మా మీకు?" అంది నర్సు.

వస్తుంది. పొయ్యి సెగ అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా పొద్దున్నించి పదిహేను గిన్నెల్లోంచి అరచేతిలోకి వేసుకుని నాకుతున్నాను. నాలుక మొద్దుబారుతున్న కొద్దీ గుప్పిలి పెద్దదవుతూ వచ్చింది. ఊరు దాన్ని చేతి ఉప్పు అని మెచ్చుకుంటుంటే పొంగిపోయాను. ఆయన స్టీరింగు పోవడంలో నైటు సర్వీసుకీ బజ్జీలకీ ఎంత పాలుందో, నా గుప్పిలికీ అంతే ఉంది. అప్పుడు నాకు నా దగ్గర రోజూ పార్సిలు కట్టించుకెళ్లే వాళ్ల మొహాలన్నీ ఒక్కొక్కటే కళ్ల ముందుకి వచ్చాయి. మంచం అంచున కూర్చున్నాను. ఎస్తేరే నాకు మంచినీళ్లు అందించింది.

డాక్టర్ షమీమ్ నన్ను కూడా ప్రయోగంలో చేర్చుకుంటానంది. ఉప్పు తగ్గిస్తే నాలుక ఆరేడు వారాల్లో తిరిగి కోలుకుంటుందట. మా ఆయనకి ఎప్పుడో కోలుకుంది, అందుకే ఆ రోజు నా పులుసు మింగలేకపోయాడు. "అందాకా మీకూ రేకు పెడతాను. చప్పిడి తినడం కష్టం కదా" అంది.

ఏ నంబరు కావాలని అడిగింది. ఏడు అన్నాను.

ఉప్పు లేని చేపల పులుసు నోట్లో పెట్టుకున్నాను. ముందు పులుపు తగిలింది, దాని వెనకే ఉప్పు, మెల్లగా, అంతకన్నా ఒక పలుకు ఎక్కువ వద్దు తక్కువ వద్దు అన్నట్టు. చేప తీపి విడిగా తెలిసింది. ముప్పై ఏళ్లుగా వండుతున్నాను, చేపలో తీపి ఉంటుందని మర్చిపోయాను. ఆమె చెయ్యి నా చెయ్యి కన్నా మంచిది. ఆ మాట నాలో నేను అనుకోవడానికి కూడా చాలాసేపు పట్టింది.

రెండో ముద్దకి ఇంకోటి తెలిసింది. కడుపులో కాదు, నాలుక మొదట్లో, గొంతులో, పీకేస్తున్నట్టు ఆకలి. ముద్ద వెనక ముద్ద లాగుతోంది. నేను గిన్నెలు నాకీ నాకీ ఏ పూటా ఆకలి ఎరగని దాన్ని. ఎప్పుడో చిన్నప్పుడు పస్తున్న రోజున అన్నం చూస్తే ఇలాగే అయ్యేది. కంచం ఖాళీ అయ్యేదాకా ఆగలేకపోయాను. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

"ఇదేంటమ్మా, ఈ ఆకలి?"

డాక్టర్ షమీమ్ తల దించుకుంది. "ఆకలి మీద ఉన్నప్పుడే నాలుక కబురు స్పష్టంగా వస్తుంది. అందుకని రాసే రోజుల్లో ముందు సాయంత్రం నుంచి ఏమీ తినకుండా రమ్మనేవాళ్లం. తనకి అలవాటేనంది."

మా ఆయన కళ్లు మూసుకుని 'ఆహా' అన్నది దేనికో అప్పుడు తెలిసింది. నేను కుళ్లుకుని చచ్చింది ఒక ఆడదాని పస్తుని చూసి. రేకు తీసి ఆవిడ చేతిలో పెట్టేశాను. చప్పిడి తిండి చప్పిడిగానే తింటానన్నాను.

ఆ నలభై రాతలూ చెరిపేద్దామని డాక్టర్ షమీమ్ అనుకుంది. ఎస్తేరుని అడిగితే ఒప్పుకోలేదు. "నేను తిన్నదెలాగూ తిన్నాను. ఎవరికైనా పనికొస్తుంటే చెరపడం ఎందుకు? కొత్తవి మాత్రం ఇక తినను. ఇంకెవరి చేతైనా తినిపిస్తే ముందు వాళ్ల బి.పి. చూడాలి. ఆ పని నాకివ్వండి" అంది. ఇప్పుడు కేంద్రంలో ఆమె పని అదే. రోగులకైనా, రుచి చూసేవాళ్లకైనా, డాక్టర్ షమీమ్‌కైనా పట్టీ కట్టేది ఎస్తేరే.

నేను కర్రీ పాయింటులో వారం వారం కొంచెం కొంచెం ఉప్పు తగ్గించాను. రుచి చూడటం మానేసి చెంచాతో కొలవడం నేర్చుకున్నాను. "రాజ్యం గారి చెయ్యి పడిపోయింది" అని కొందరు వేరే దుకాణానికి మళ్లారు. మొదటి నెల నరకం. కూడు నోట్లో తిరిగేది. ఆరో వారంలో ఓ మధ్యాహ్నం వట్టి దోసకాయ పప్పు తింటుంటే దోసకాయ రుచి తెలిసింది. నోట్లోనే ఉంచుకుని కాసేపు కూర్చున్నాను.

మా ఆయన ఒకరోజు తన అన్నం గిన్నె తెచ్చి నా గిన్నె పక్కన పెట్టి, "రెండు పొయ్యిలు దేనికిలే" అన్నాడు. అంతకు మించి ఆ విషయం ఎత్తలేదు. మళ్లీ స్టీరింగు ఇచ్చారు, కందుకూరు పగటి సర్వీసు. వెళ్లే ముందు చెయ్యి చాపి, చిన్నపిల్లాడిలా, బి.పి. చూడమంటాడు.

వారంలో ఆరు రోజులు నేను వండింది వట్టి నాలుకతోనే తింటాడు. ఆదివారం మాత్రం రేకు పెట్టుకుని ఏడో నంబరు నొక్కుకుంటాడు. ఎస్తేరు అనుమతి ఇచ్చింది, డాక్టరమ్మ ఇచ్చింది, నేనూ ఇచ్చాను. ఆ పులుసులో ఉన్నది ఎవరి ఆకలో ఆయనకీ చెప్పాను. విని, ఆ వారం ముట్టుకోలేదు. తరవాతి వారం, "ఆ పిల్ల పస్తుండి తిన్న కూడు, పారేస్తే పాపం" అని మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు నెమ్మదిగా తింటాడు. కళ్లు మాత్రం అలాగే మూసుకుంటాడు.

అన్నీ తెలిసినా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పులుసు వడ్డించి, చెప్పులు వేసుకుని బయటపడతాను. రైల్వే గేటు దాకా వెళ్లి తిరిగొస్తే మూడు కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు విసవిసా నడుస్తాను, వచ్చేటప్పుడు మామూలుగా నడుస్తాను. ఇల్లు చేరేసరికి ఆయన కంచం కడిగి బోర్లించి ఉంటాడు.

మొన్న సోమవారం ఎస్తేరు నా చేతికి పట్టీ కట్టి, నంబరు చూసి, పాత కాగితం పక్కన పెట్టుకుంది.

"అక్కా, నువ్వు నడిచిన మర్నాడు ఎంత బాగా తగ్గుతోందో చూడు. మిగతా రోజులు కూడా నడవరాదూ?"

"మిగతా రోజులు అంత కోపం రాదమ్మా" అన్నాను.

ఎవరి మీద కోపమని ఆమె అడగలేదు. పట్టీ విప్పి, నంబరు రాసుకుని, తరవాతి వాళ్లని పిలిచింది.